ఉస్కుదార్ ఆసుపత్రిలో ఫానూస్ పట్టుకు తిరిగిన ఫ్లోరెన్స్ నైటింగేల్

ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది చేతిలో దీపం. స్కూలు పుస్తకాల్లో బొమ్మ చూస్తే ఆ దీపం అల్లావుద్దీన్ కథలో చిరాగ్‌లా ఉంటుంది. నిజానికి ఆమె పట్టుకు తిరిగింది అలాంటిది కాదు. మడత పెట్టడానికి వీలుగా తయారుచేసిన టర్కీ లాంతరు, లోపల కొవ్వొత్తి. దాని పేరు ఫానూస్. ఉర్దూ తెలిసిన ఇళ్లలో పెద్దవాళ్లకు బాగా పరిచయమైన మాటే.

ఆ ఫానూస్ వెలిగిన చోటు ఇస్తాంబుల్‌లో బోస్ఫరస్ జలసంధికి ఆసియా వైపున్న ఉస్కుదార్. ఇంగ్లిష్ వాళ్లు దాన్ని స్కుటారి అన్నారు. ఉస్మానియా సుల్తానుల సైన్యం కోసం అక్కడ కట్టిన సెలీమియే బ్యారక్స్‌ను 1854లో బ్రిటిష్ వాళ్లకు ఆసుపత్రిగా వాడుకోవడానికి ఇచ్చారు. రష్యా మీద జరుగుతున్న క్రిమియా యుద్ధంలో ఉస్మానియా, బ్రిటన్, ఫ్రాన్స్ ఒక పక్షం. గాయపడ్డ, జబ్బుపడ్డ బ్రిటిష్ సైనికులను నల్ల సముద్రం మీదుగా ఓడల్లో తెచ్చి ఈ బ్యారక్స్‌లో దించేవారు. బతుకుతామని వచ్చినవాళ్లు అక్కడే చనిపోయేవారు. ఎందుకు చనిపోతున్నారన్నది ఆమెకు అక్కడున్నప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. తర్వాత అర్థమయ్యాక ఆ సంగతి ఆమెను జీవితాంతం వదల్లేదు.

నైటింగేల్ పుట్టింది 1820 మే 12న, ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో. తల్లిదండ్రులు పెళ్లయ్యాక యూరప్ అంతా తిరుగుతున్న రోజులవి. పుట్టిన ఊరి పేరే పిల్లకు పెట్టేశారు. అక్క నేపుల్స్‌లో పుట్టింది కాబట్టి ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థెనోపి అని పెట్టారు. కుటుంబం బాగా కలిగింది. ఇంగ్లండ్‌లో డెర్బీషైర్‌లో ఒక బంగళా, హాంప్‌షైర్‌లో ఇంకొకటి. తండ్రి విలియం ఆడపిల్లలిద్దరికీ తానే చదువు చెప్పారు. లాటిన్, గ్రీకు, చరిత్ర, తత్వశాస్త్రం అన్నీ. ఫ్లోరెన్స్‌కు లెక్కల మీద పిచ్చి ఇష్టం. ఆ ఇష్టం ఎందుకు పనికొచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

పదహారేళ్ల వయసులో, 1837లో, దేవుడు తనను సేవకు పిలిచాడని ఆమెకు గట్టిగా అనిపించింది. ఏ సేవ అన్నది తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇంట్లో నానమ్మకు, తమను పెంచిన ముసలి ఆయాకు జబ్బు చేసినప్పుడు దగ్గరుండి చూసుకున్నారు. పక్క ఊళ్లో పేదల ఇళ్లకు వెళ్లి రోగులను చూసేవారు. అప్పుడొక విషయం తెలిసొచ్చింది. మనసు మంచిదైతే చాలదు, రోగిని చూసుకోవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. 1845లో సాలిస్‌బరీ ఆసుపత్రిలో కొన్ని నెలలు పని నేర్చుకుంటానని ఇంట్లో అడిగారు. తల్లి, అక్క ఇల్లంతా ఒకటి చేశారు. వాళ్ల భయానికి కారణం లేకపోలేదు. ఆ కాలంలో ఆసుపత్రిలో పనిచేసే ఆడవాళ్లంటే తాగుతారని, చదువు లేనివాళ్లని, నడత మంచిది కాదని పేరు. పెద్దింటి పిల్ల ఆ పనికి వెళ్లడమంటే కుటుంబం ఇజ్జత్ పోయినట్టే.

ఆమె ఊరుకున్నారు గానీ వదల్లేదు. తెల్లవారుజామున లేచి కొవ్వొత్తి వెలుగులో ఆసుపత్రుల నివేదికలు చదివేవారు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన మంచి సంబంధాన్ని కాదన్నారు. చివరికి 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్ అనే ఊళ్లో మూడు నెలలు ఉండి రోగుల సేవ నేర్చుకున్నారు. 1853లో లండన్ హార్లీ వీధిలో జబ్బుపడ్డ స్త్రీల కోసం నడిపే చిన్న ఆసుపత్రికి అధికారిగా చేరారు. జీతం లేదు. తండ్రి ఏడాదికి 500 పౌండ్లు ఇచ్చారు. అక్కడ ఆమె చేసిన మొదటి పనులు చూస్తే ఆమె బుర్ర ఎలా పనిచేసేదో తెలిసిపోతుంది. పై అంతస్తులకు వేడినీళ్లు గొట్టాల్లో రావాలన్నారు. భోజనం పైకి చేర్చే చిన్న లిఫ్టు పెట్టమన్నారు. నర్సు మెట్లెక్కి దిగడంలో కాళ్లు అరగదీసుకుంటే రోగి దగ్గర ఉండేదెవరు? ఏ మతం వాళ్లనైనా చేర్చుకోవాలి, వాళ్ల మతగురువులను రానివ్వాలి అని కమిటీతో పోట్లాడి ఒప్పించారు.

1854 అక్టోబర్‌లో టైమ్స్ పత్రిక స్కుటారిలో సైనికుల దుస్థితి గురించి రాసింది. కట్లు కట్టేవాళ్లు లేరు, గుడ్డపీలికలు కూడా లేవు. యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెకు స్నేహితుడు. నర్సులను తీసుకుని వెళ్లమని ఆయన ఆమెకు ఉత్తరం రాశారు. తాను వెళ్తానని ఆమె రాసిన ఉత్తరం అప్పటికే దారిలో ఉంది. అక్టోబర్ 21న 38 మంది స్త్రీలతో బయల్దేరి నవంబర్ 4న చేరారు. వాళ్లలో కేథలిక్ నన్‌లు, ప్రొటెస్టెంట్ సిస్టర్లు, జీతానికి పనిచేసే మామూలు నర్సులు ఉన్నారు. దారి పొడుగునా, వెళ్లాక కూడా వీళ్ల మధ్య గొడవలు సర్దడమే ఆమెకు సగం పని అయింది.

బ్యారక్స్ లోపల వరండాల నిండా రెండు వరుసల్లో పరుపులు. అన్నీ కలిపి నాలుగు మైళ్ల పొడవు. మరుగుదొడ్లు పొంగి నేల మీదికి పారుతున్నాయి. ఎలుకలు, పేలు. కొందరు రోగులు యుద్ధంలో వేసుకున్న రక్తపు బట్టలతోనే పడి ఉన్నారు. వాళ్లను చంపుతున్నవి తుపాకీ గుండ్ల కంటే నీళ్ల విరేచనాలు, రక్త విరేచనాలు, కలరా, టైఫస్ జ్వరం. చలికి కాలివేళ్లు చచ్చుబడినవాళ్లు, తాజా కూరలు పండ్లు లేక స్కర్వీతో చిగుళ్లు కారుతున్నవాళ్లు వీళ్లకు తోడు.

అంత దారుణం కళ్లముందు ఉన్నా, సైనిక డాక్టర్లు అడగందే ఒక్క రోగిని కూడా ముట్టుకోవద్దని ఆమె తన నర్సులను ఆపేశారు. డాక్టర్లకు ఈ ఆడవాళ్ల రాక ఇష్టం లేదు. వాళ్లను కాదని పనిచేస్తే రెండో రోజే వెనక్కి పంపేస్తారు. నర్సులు కోపంతో ఏడ్చారు. ఆమె మాత్రం వాళ్లను దిండ్లు, చొక్కాలు కుట్టమని కూర్చోబెట్టారు. ఈ నిర్ణయం కఠినమైనదే. కొన్ని రోజుల్లోనే ఇంకర్‌మన్ పోరు నుంచి గాయపడ్డవాళ్లు వందల్లో వచ్చిపడటంతో డాక్టర్లే సాయం అడిగారు.

ఆ తర్వాత ఆమె చేసిన పనుల్లో దీపం పట్టుకోవడం చాలా చిన్నది. నేల తోమే బ్రష్‌లు కొనడం, ఒక ఇల్లు అద్దెకు తీసుకుని బాయిలర్లు పెట్టి సైనికుల భార్యల చేత బట్టలు ఉతికించడం, టైమ్స్ పాఠకులు పంపిన చందాలతో చొక్కాలు, చెంచాలు, సబ్బు, తువ్వాళ్లు తెప్పించడం. వంటగదిలో పెద్ద రాగి గంగాళాల్లో మాంసం వేసి ఉడికించేవారు. ఏ ముక్క ఏ వార్డుదో తెలియడానికి ఎవరికి దొరికిన గుర్తు వాళ్లు కట్టి పడేసేవారు. ముందు వేసింది చీకిపోయేది, చివర వేసింది పచ్చిగా ఉండేది. విరేచనాలతో నీరసించినవాడికి అదే భోజనం. ఆమె గంజి, జావ, పలచటి సూప్ చేసే వేరే వంటగది పెట్టించారు. 1855లో అలెక్సిస్ సోయర్ అనే పేరుమోసిన వంటవాడు లండన్ నుంచి వచ్చి పెద్ద వంటగదిని దారిలో పెట్టాడు.

రాత్రి ఎనిమిది దాటాక వార్డుల్లోకి వేరే స్త్రీలెవరూ వెళ్లకూడదని నియమం. ఆమె ఒక్కరే ఫానూస్ పట్టుకుని తిరిగేవారు. చనిపోయేవాళ్ల పక్కన కూర్చునేవారు. వాళ్ల ఇళ్లకు ఉత్తరాలు రాసేవారు. ఇంత చేసినా 1855 ఫిబ్రవరిలో ఆ ఆసుపత్రిలో నూటికి 42 మంది దాకా చనిపోయారు.

ఇక్కడే కథ మామూలుగా చెప్పుకునేదానికి వేరు. మార్చిలో ప్రభుత్వం పంపిన శానిటరీ కమిషన్ వచ్చింది. వాళ్లు ముందు చూసింది రోగులను కాదు, భవనం కింద ఉన్న మురుగు కాలువలను. అవి పూడిపోయి, ఆ కంపు గాలి వార్డుల్లోకే వస్తోంది. తాగే నీళ్లు వచ్చే కాలువలో గుర్రం చచ్చి పడి ఉంది. కాలువలు కడిగించారు, గోడలకు సున్నం వేయించారు, గాలి ఆడేలా చేశారు. జూన్ నాటికి చావులు నూటికి రెండుకు పడిపోయాయి.

1855 మేలో క్రిమియాలోని బలాక్లావా వెళ్లిన ఆమెకు తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణం మీదికి వచ్చింది. అది పశువుల పాల నుంచి సోకే బ్రూసెల్లోసిస్ అయి ఉంటుందని ఇప్పటి డాక్టర్ల అంచనా. ఆ జబ్బు పూర్తిగా ఎప్పటికీ పోలేదు. అదే బలాక్లావా దగ్గర జమైకా నుంచి వచ్చిన నల్లజాతి స్త్రీ మేరీ సీకోల్ సొంత డబ్బుతో విడిది నడుపుతూ సైనికులకు మందూ తిండీ ఇచ్చారు. ఆమె లండన్‌లో నర్సుగా వెళ్తానని అడిగితే ఎవరూ తీసుకోలేదు. నైటింగేల్‌కు కూడా ఆమె మీద మంచి అభిప్రాయం లేదు. ఈ మాట కూడా చెప్పకపోతే కథ సగమే అవుతుంది. యుద్ధం ముగిశాక సుల్తాన్ అబ్దుల్ మజీద్ నైటింగేల్‌కు వజ్రాల కంకణం కానుకగా పంపారు.

1856లో ఇంగ్లండ్ తిరిగొచ్చేటప్పుడు ఊరేగింపులు తప్పించుకోవడానికి మిస్ స్మిత్ అనే పేరుతో ప్రయాణం చేశారు. దేశమంతా ఆమెను పొగుడుతోంది. ఆమె మాత్రం గది తలుపు వేసుకుని లెక్కలతో కూర్చున్నారు. గణాంకాల్లో దిట్ట అయిన విలియం ఫార్ సాయం చేశారు. 1855 జనవరి ఒక్క నెలలోనే బ్రిటిష్ సైన్యంలో అంటువ్యాధుల వల్ల 2,761 మంది, గాయాల వల్ల 83 మంది చనిపోయారని తేలింది. అంతకంటే గుండె పిండేసే విషయం ఇంకొకటి. యుద్ధరంగానికి దగ్గర్లో గుడారాల్లో నడిచిన ఆసుపత్రుల కంటే స్కుటారిలోనే చావులు ఎక్కువ. అక్కడున్నప్పుడు ఆమె తిండి చాలక, చలికి తట్టుకోలేక, ఆలస్యంగా తెచ్చినందువల్ల చనిపోతున్నారనుకున్నారు. మురుగు కాలువ సంగతి అంత పెద్దదని అనుకోలేదు. తాను కడుగుతున్న నేల కిందే చావు ఉందన్నమాట. ఏది ఎంత కారణమన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆమె మాత్రం ఆ లెక్కలు దాచలేదు. గులాబీ రేకుల్లా విచ్చుకునే రంగుల బొమ్మ గీయించి, ఏ నెలలో దేనివల్ల ఎందరు పోయారో మంత్రులకు కనిపించేలా పెట్టారు. 1858లో బ్రిటన్ గణాంక సంఘంలో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ అయ్యారు.

ఆ అనుభవమంతా ఇంటింటికీ చేరిన పుస్తకం నోట్స్ ఆన్ నర్సింగ్. 1859 చివర్లో అచ్చయింది. అది నర్సుల కోసం రాసింది కాదు. ప్రతి ఇంట్లో ఏదో ఒకరోజు తల్లో, కూతురో, కోడలో రోగి పక్కన కూర్చోవాల్సి వస్తుంది కదా, వాళ్ల కోసం రాసింది.

అందులో మొదటి విషయం గాలి. రోగికి చలి తగలకుండా, బయటి గాలి అంత శుభ్రమైన గాలి గదిలో ఉండాలని ఆమె పట్టు. జ్వరమొస్తే కిటికీలన్నీ బిగించి, దుప్పట్లు కప్పి, పదిమంది చుట్టూ కూర్చునే అలవాటు ఆ కాలపు ఇంగ్లండ్‌లోనూ ఉండేది. ఇంటికి ఐదు కావాలన్నారు: మంచి గాలి, మంచి నీళ్లు, మురుగు పోయే దారి, శుభ్రత, వెలుతురు. మంచం కిటికీ పక్కన ఉండి రోగికి ఆకాశం కనిపించాలి. పొడి గుడ్డతో దులిపితే దుమ్ము ఒకచోట నుంచి ఇంకోచోటికి పోతుందే తప్ప గదిలోంచి పోదు, తడి గుడ్డతో తుడవాలి. మలమూత్రాల పాత్రను మూతపెట్టి మంచం కింద వదిలేయకూడదు, వెంటనే తీసుకెళ్లి కడగాలి. నర్సు రోజులో మాటిమాటికీ చేతులు కడుక్కోవాలి. క్రిములే జబ్బులు తెస్తాయన్న సంగతి ఇంకా రుజువు కాని రోజుల్లో రాసిన మాటలివి.

తిండి గురించి రాసిన భాగం చదివితే ఆమె ఎన్ని మంచాల పక్కన నిలబడ్డారో తెలుస్తుంది. బాగా నీరసించిన మనిషి పొద్దున్నే ఏదీ మింగలేడు. అప్పుడు ప్లేటు నిండా పెట్టి తినలేదని తీసుకెళ్లిపోతే ఆ రోజంతా పస్తే. గంటకొకసారి ఒక్కో చెంచా ఇస్తే ఒంట్లోకి వెళ్తుంది. తినని ఆహారాన్ని తర్వాత తింటాడులే అని పక్కన వదిలేయకూడదు, చూసి చూసి వెగటు పుడుతుంది. కప్పు అడుగు తడిగా ఉంటే పక్క మీద చుక్కలు పడతాయి, అది కూడా చూసుకోవాలి. మాంసం మరగబెట్టిన నీళ్లలో బలమంతా ఉందని అందరూ నమ్మేవారు. ఆ నీళ్లను ఆవిరి చేస్తే చెంచాడు సత్తువ కూడా మిగలదని ఆమె రాశారు. పాయా షోర్బా మీద పూర్తి భరోసా పెట్టే ఇళ్లలో ఈ మాట అంత తొందరగా ఒప్పుకోరు!

రోగిని చూడ్డానికి వచ్చేవాళ్ల మీద ఒక భాగం ఉంది. ఏం కాదు, మూడు రోజుల్లో లేచి తిరుగుతావు అని ఊరికే ధైర్యం చెప్పేవాళ్లు, తమకు తెలిసిన పది మందులు చెప్పి పోయేవాళ్లు రోగిని ఎంత అలసిపోయేలా చేస్తారో ఆమె విసుగ్గా రాశారు. రోగి మంచం మీద కూర్చోవద్దు, మంచాన్ని కదపొద్దు. వెనక నుంచి పిలవొద్దు, కనిపించేలా ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. తలుపు బయట గుసగుసలు పెద్ద చప్పుడు కంటే చెడ్డవి, తన గురించే అనుకుని రోగి చెవులు రిక్కించి వింటాడు. మొదటి నిద్రలో లేపితే మళ్లీ నిద్ర పట్టడం కష్టం.

అన్నిటికంటే ఆమె విలువిచ్చింది గమనించడానికి. రాత్రి బాగా నిద్రపోయాడా అని అడిగితే లాభం లేదు, ఎన్ని గంటలు, ఏ వేళ అని అడగాలి. డాక్టరుకు విరేచనాలు ఎక్కువయ్యాయని చెప్పడం వేరు, ఎన్నిసార్లో చెప్పడం వేరు. మంచం పట్టినవాడికి వీపున పుండ్లు పడితే, చాలాసార్లు అది జబ్బు తప్పు కాదు, చూసుకునేవాళ్ల తప్పేనని ఖరాఖండిగా రాశారు. తాను లేనప్పుడు కూడా ఆ పని జరిగేలా ఏర్పాటు చేసి వెళ్లడమే మంచి నర్సు లక్షణమని ఒక భాగమంతా రాశారు. 1861లో పేదల కోసం చవక ముద్రణ తెచ్చినప్పుడు, తల్లి పనికి వెళ్తే తమ్ముళ్లను ఎత్తుకుని ఉండే చిన్న ఆడపిల్లలకు అర్థమయ్యేలా పసిపిల్లల సంరక్షణ గురించి ఒక అధ్యాయం కలిపారు.

ఆమె తప్పులూ ఉన్నాయి. జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందన్న మాటను చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. మురికి గాలే మూలమన్నారు. కారణం తప్పయినా చెప్పిన జాగ్రత్తలు ఎక్కువ భాగం సరైనవే కావడం ఆమె చేతిలో పడ్డ రోగుల అదృష్టం.

క్రిమియా సైనికులు, ప్రజలు పోగుచేసి ఇచ్చిన నిధితో 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల స్కూలు మొదలైంది. అక్కడ నేర్చుకున్నవాళ్లు ఆస్ట్రేలియా దాకా వెళ్లి ఆసుపత్రులు దిద్దారు. ఒకప్పుడు ఇంట్లోవాళ్లు సిగ్గుపడ్డ పని, పెద్దిళ్ల ఆడపిల్లలు అర్జీ పెట్టుకునే ఉద్యోగమైంది.

ఇండియాకు ఆమె ఒక్కసారి కూడా రాలేదు. రావాలని ఉన్నా ఒళ్లు సహకరించలేదు. కానీ నలభై ఏళ్లు ఈ దేశం గురించి రాశారు. 1859లో ఏర్పడిన రాయల్ కమిషన్ కోసం ఇక్కడి కంటోన్మెంట్లన్నిటికీ ప్రశ్నలు పంపించి, జవాబులు బండ్లకొద్దీ తెప్పించుకుని చదివారు. ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని, కారణం ఎండ కాదు, మురికి నీళ్లు, కిక్కిరిసిన బ్యారక్స్, సారా అని తేల్చారు. పదేళ్లు దాటాక అది 18కి తగ్గిందని 1873లో రాశారు. మొదట సైనికుల గురించే అడిగినా, పోనుపోను ఊళ్లలో రైతుల వైపు మళ్లారు. పేదవాడి ఆరోగ్యం కడుపు నిండటం దగ్గర మొదలవుతుందని ఆమెకు స్కుటారిలోనే తెలుసు. 1876-78 కరువు మద్రాసు రాజధానిని, అందులో ఇప్పటి రాయలసీమ జిల్లాలను పీల్చి పిప్పి చేసినప్పుడు, కాలువలు తవ్వాలని, రైతును వడ్డీ వ్యాపారి నుంచి కాపాడాలని పత్రికల్లో గట్టిగా రాశారు. ఆ వాదనలో ఆమెకు తోడు నిలిచినవారు సర్ ఆర్థర్ కాటన్. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి గోదావరి జిల్లాల రాత మార్చిన కాటన్ దొరే. ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. రైళ్లకు పోసే డబ్బు కాలువలకు పోయమని ఆయన పోరు, నీళ్లు లేక జనం చస్తున్నారని ఆమె పోరు. ప్రభుత్వం ఇద్దరి మాటా అంతగా వినలేదు.

ఇదంతా ఆమె చేసింది మంచం మీద నుంచే. 1857 తర్వాత చాలా ఏళ్లు గది దాటి వెళ్లడం అరుదు. వెన్నునొప్పి, నీరసం, గుండెదడ. మంత్రులైనా ఒక్కొక్కరుగా, చెప్పిన వేళకే రావాలి. ఇతరుల జబ్బు గురించి రాసిన మనిషి, తానే దీర్ఘరోగిగా సగం జీవితం గడిపారు. చివరి ఏళ్లలో చూపు పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు, ఒక స్త్రీకి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అప్పటికి తన చుట్టూ ఏం జరుగుతోందో ఆమెకు సరిగ్గా తెలియని స్థితి.

1910 ఆగస్టు 13న, తొంభై ఏళ్ల వయసులో, లండన్‌లో నిద్రలోనే కన్నుమూశారు. రాజులు, మహాకవులు ఉన్న వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేస్తామని ప్రభుత్వం అడిగింది. కుటుంబం వద్దంది. హాంప్‌షైర్‌లోని ఈస్ట్ వెల్లో అనే పల్లెలో తల్లిదండ్రుల పక్కనే పూడ్చారు. సమాధి రాయి మీద ఆమె పూర్తి పేరు లేదు. ఎఫ్, ఎన్ అనే రెండు అక్షరాలు, ఎప్పుడు పుట్టారు, ఎప్పుడు పోయారు, అంతే.